స్వేచ్ఛా ఫోనులు సామాన్యునకు పనికివచ్చునా?

2025వ సంవత్సరపు పత్తి కాలమున భారత పత్తి సంస్థవారు ఒక క్రొత్త నిబంధనను ప్రవేశపెట్టిరి. మద్దతు ధరకు పత్తి నమ్మదలచిన రైతు ‘కపాస్ కిసాన్’ అను యాప్‌నందు ముందుగా తన పేరును నమోదు చేయించుకొని, పత్తిని తెచ్చు దినమును అందులోనే నిర్ణయించుకొనవలెను. ఆ యేట పొడుగు పింజకు క్వింటాలు ధర 8,110 రూపాయలు. ఈ ధర కావలెనన్నచో మొదట ఫోను కావలెను. ఆదిలాబాదు మార్కెట్టు యార్డునకు తాతలనాటి నుండి బండి తోలుకొని పోయి, కాంటా వేయించుకొని, చీటి పుచ్చుకొని వచ్చుట యెరిగిన రైతు, ఇప్పుడు తన ఫోనులో ఆ యాప్ పట్టునో పట్టదో, ఓటీపీ వచ్చునో రాదో చూచుకొనవలసినవాడయ్యెను. పత్తిలో తేమ నూటికి 8 వంతులా, 12 వంతులా యను తగవు పాతది. ఫోను తగవు క్రొత్తది.

ఫోను విలాసవస్తువుగా నుండిన కాలము గతించినది. నేడది పాసుపుస్తకము వంటిది. అంగన్‌వాడీ ఉపాధ్యాయురాలు 2021 నుండి పిల్లల తూకములను పోషణ్ ట్రాకరు యాప్‌నందు వ్రాయుచున్నది. ఉపాధి హామీ కూలీల హాజరును ఛాయాచిత్రముతో సహా యాప్ ద్వారానే పంపవలెనని 2023 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వమువారు కట్టడి చేసిరి. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల నుండి గల్ఫు దేశములకు పోయినవారి తల్లులును భార్యలును తమవారి ముఖములను చూచుకొనునది ఈ ఫోనులోనే. ఇంతటి భారమును మోయుచున్న ఈ వస్తువు ఎవరిది? సొమ్ము చెల్లించి కొన్నవాడు దానికి పట్టాదారుడా, కౌలుదారుడా? మేము వృత్తిచే న్యాయవాదులము గనుక ఈ ప్రశ్న మమ్ము ఊరకుండనీయలేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమున చిరకాలముగా కార్యకర్తలమై యుండుటచే, మిత్రులు మమ్ము తరచుగా అడుగుచుండు మరియొక ప్రశ్నయు కలదు: “మీరు చెప్పు ఆ స్వేచ్ఛా ఫోనును మేము కొనవచ్చునా?” ఈ రెండవ ప్రశ్నకు నిజమైన సమాధానము నిచ్చుట మా విధి యని తోచినది. పక్షపాతముచే లేని గుణములను చెప్పి, నమ్మినవారిని నడివీధిలో నిలుపుట ఏ ఉద్యమమునకును శోభ గాదు.

ముందుగా వస్తువెట్టిదో చెప్పవలెను. ఫోనును నడుపునది సాఫ్ట్‌వేరు. దాని మూలరచనను లోకమునకు చూపి, ఎవరైనను చదువుకొనవచ్చును, దిద్దుకొనవచ్చును, పదుగురికి పంచవచ్చును అని వ్రాతపూర్వకముగా అనుమతించినచో దానిని ఓపెన్ సోర్సు అందురు. దస్తావేజు నకలు చేతికిచ్చి చదువుకొమ్మనుటకును, చదువనీయక వ్రేలిముద్ర వేయుమనుటకును ఎంత భేదమో ఇచటను అంతే భేదము. 1983లో రిచర్డ్ స్టాల్మన్ గారు ఈ ఉద్యమమునకు నాంది పలికిరి. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు లినక్సును ఆరంభించెను. ఆ లినక్సే నేడు ఆండ్రాయిడు ఫోనులన్నిటికిని పునాది. ఇది విని కొందరు “అట్లయినచో మా చేతిలోనున్నది స్వేచ్ఛా ఫోనే గదా” అందురు. ఇచటనే కిటుకున్నది. ఆండ్రాయిడు మూలరచన 2008 నుండి బహిరంగముగనే యున్నది. కాని దానిపై నిలిచిన ప్లే స్టోరు, పటములు, సందేశములను చేరవేయు లోపలి యంత్రాంగము మున్నగునవి గూగులు కంపెనీవారి సొంతము; వాని మూలము మనకు కానరాదు. నేల ఊరిదే, బావికి మాత్రము ఒకరి తాళము.

ఆ తాళము ఎట్లు పడినదో భారత పోటీ కమిషనువారి 2022 అక్టోబరు 20వ తేదీ తీర్పును చదివినవారికి విశదమగును. గూగులు యాప్‌లలో ఒక్కటి కావలెనన్నను మొత్తము మూటను ఫోనులో పెట్టవలెననియు, ఆండ్రాయిడును తమకు తోచినట్లు మార్చి వేరు ఫోనులు చేయరాదనియు ఫోను తయారీదారులు ఒప్పందములలో కట్టుబడియుండిరని కమిషనువారు కనుగొని, 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించిరి. 2023 మార్చి 29న అప్పిలేటు ట్రైబ్యునలువారు జరిమానాను నిలిపి, కమిషను ఆదేశములలో నాలుగింటిని కొట్టివేసిరి. గూగులువారు ఆ మీదట సుప్రీంకోర్టునకు పోయిరి. కరీంనగరు టవరు చుట్టునున్న ఫోను దుకాణములలో స్వేచ్ఛా ఫోను ఒక్కటియు ఏల లేదని అడుగువారికి ఈ తీర్పే సగము సమాధానము. ప్రజలు అడుగకపోవుటచే మాత్రమే అవి లేకపోలేదు. చేయదలచినవాని చేతులు ముందే కట్టబడి యుండెను.

మిగిలిన సగము సమాధానము మాత్రము మన పక్షమునకు అంత గౌరవము తెచ్చునది కాదు. స్వేచ్ఛా ఫోనుల చరిత్ర అధికభాగము వైఫల్యముల చరిత్రయే. 2007, 2008లలో ఓపెన్‌మోకో అను ఫోనులు వచ్చి పోయినవి. 2014 ఆగస్టులో ఫైర్‌ఫాక్సు వ్యవస్థతో ఇంటెక్సు కంపెనీ ఫోను మన దేశమున 1,999 రూపాయలకు అమ్మకమునకు వచ్చినది. పేదవాని స్వేచ్ఛా ఫోను వచ్చినదని మేమును సంతోషించితిమి. దానిలో జ్ఞాపకశక్తి 128 మెగాబైట్లు మాత్రమే; పేజీ తెరచుటకు ఒక బీడీ కాల్చునంత కాలము పట్టెడిది. వాట్సాప్ సంస్థవారి అసలు యాప్ దానికి లేదు. వాట్సాప్ లేని ఫోను గల్ఫుకు పోయినవాని ఇంట దేనికి? 2016 నాటికి మోజిల్లావారు ఫోనుల పనిని విరమించుకొనిరి. చిత్రమేమన, ఆ విడిచిన విత్తనము నుండియే కైఓఎస్ మొలచి, 2017లో 1,500 రూపాయల డిపాజిట్టుతో వచ్చిన జియోఫోనులో కూర్చుండెను. మన పల్లెలలో ఎందరో దానిని వాడిరి. తమ చేతిలోనిది ఒక స్వేచ్ఛా వృక్షపు కొమ్మ యని వారిలో ఒక్కరికైనను తెలిసియుండదు. తెలిసినను ఉపయోగము లేదు, దానిని మార్చుకొను అధికారము వారికి లేకపోయెను.

ఉబుంటు ఫోనును కెనానికల్ కంపెనీ 2017 ఏప్రిలులో విడిచిపెట్టగా, కార్యకర్తల సంఘమొకటి యెత్తుకొని పెంచుచున్నది. అదే యేట ప్యూరిజం అను కంపెనీ లిబ్రెం 5 ఫోనునకై జనుల వద్ద 20 లక్షల డాలర్లకు మించి చందాలు పోగుచేసినది. చెల్లించినవారిలో పలువురు సంవత్సరముల తరబడి ఎదురుచూచిరి. పైన్‌ఫోను చౌకయైనది, నేర్చుకొనువారికి మంచి పాఠశాల వంటిది. అయితే దానిని పాఠశాల యనియే చెప్పవలెను. బజారునకు తీసికొనిపోవు ఫోను అనరాదు. బ్యాటరీ పూటకు చాలదు, కెమెరా మసక. 2023 జనవరిలో మదరాసు ఐఐటీ ఛాయలో పుట్టిన భారోస్‌ను కేంద్ర మంత్రులు స్వయముగా పరీక్షించి చూచిరి. అదియును ఆండ్రాయిడు బహిరంగ మూలము మీద కట్టినదే. మన జిల్లాల దుకాణములందు మేము దానిని చూడలేదు.

కావున నేడు సామాన్యునకు మిగిలిన దారి ఒక్కటియే. బజారులో దొరకు ఫోనునే కొని, అందలి కంపెనీ సాఫ్ట్‌వేరును తీసివేసి, లీనియేజ్ఓఎస్ వంటి స్వేచ్ఛా ఆండ్రాయిడును ఎక్కించుకొనుట. మేము ఆ పని చేసితిమి. తయారుచేసినవారు నవీకరణలు పంపుట మానివేసిన పాత ఫోనొకటి మా యొద్ద నుండెను. దానికి ఈ వ్యవస్థను ఎక్కించి సుమారు ఒక యేడాది నిత్యము వాడితిమి. ఆ అనుభవమును ఉన్నదున్నట్లు చెప్పెదము.

ఎక్కించుటకు మాకు రెండు రాత్రులు పట్టినది; ఒక దశలో ఫోను పూర్తిగా చచ్చినదనుకొంటిమి. ఆ తరువాత అది చక్కగా నడచినది. క్రొత్త దానివలె వేగము వచ్చినది. బ్యాటరీ ముందటికంటె ఎక్కువసేపు నిలిచినది. తెలుగు కీబోర్డు, సందేశములు, ఛాయాచిత్రములు అన్నియు సరి. ఎఫ్‌-డ్రాయిడ్ అను భాండాగారమున వేలకొలది యాప్‌లు ఉచితముగ, ప్రకటనలు లేకుండ లభించినవి. వాట్సాప్‌ను వేరు మార్గమున ఎక్కించుకొంటిమి, పనిచేసినది. కోర్టు వాయిదాలను వెబ్‌సైటులో చూచుకొంటిమి. పటముల విషయమున కొంత చిక్కు: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటమున కరీంనగరు వీధులు బాగుగనే యున్నవి, ఉట్నూరు దాటి గూడెములలోనికి పోయినచో త్రోవ చెప్పువాడు మనిషే. ఆ గూడెములను పటమున చేర్చు స్వేచ్ఛ మనకు కలదు గనుక దీనిని ఫిర్యాదుగా గాక, చేయవలసిన పనిగా వ్రాసికొంటిమి.

విఘ్నము వచ్చినది డబ్బు వద్ద. మాకు ఖాతా గల బ్యాంకు యాప్‌ను తెరువగనే “మీ పరికరము సురక్షితము కాదు” అని వ్రాసి మూసికొన్నది. కారణమేమన, ఆ యాప్ ఫోనును నేరుగా పరీక్షింపదు, “ఈ ఫోను మీ ముద్ర వేసినదేనా?” యని గూగులువారిని అడుగును. స్వేచ్ఛా వ్యవస్థకు ఆ ముద్ర లేదు. ఇందలి వింతను పాఠకులు గమనింప కోరెదము. మా గుమాస్తా చేతిలో ఐదేండ్లుగా ఒక్క భద్రతా నవీకరణయు చేరని ఫోనున్నది. దానికి కంపెనీ ముద్ర యున్నది గనుక బ్యాంకు దానిని ఆదరించెను. నెలనెలా భద్రతా సవరణలు పొందుచున్న మా ఫోనును దొంగ యనెను. దొంగను పట్టుటకై ఇంటి తాళమును చూడక, యజమాని కులగోత్రముల నడిగినట్లున్నది. బ్యాంకులకు మోసముల భయము నిజమే. రోజునకొక మోసపు కేసు మా బల్లమీదికే వచ్చుచున్నది. అయితే ఆ మోసములలో మేము చూచినవన్నియు ముద్రగల ఫోనులలోనే, మాటలతో మభ్యపెట్టి ఓటీపీ చెప్పించుకొన్నవే.

ఒకనాటి రాత్రి మందుల దుకాణమున మేము ఈ దోషఫలమును అనుభవించితిమి. జేబులో చిల్లర లేదు, ఏటీఎంలో నగదు లేదు, దుకాణమువాని బల్లపై క్యూఆర్ పలక యున్నది, మా ఫోను చెల్లింపలేదు. ప్రక్కనున్న యువకుడొకడు, “సార్, నేను కొడుత, రేపు ఇయ్యుండ్రి” అని చెల్లించెను. ఆ మరునాటి నుండి మేము రెండవ ఫోనును జేబులో వేసికొంటిమి. రెండు ఫోనులు మోయువాడు సామాన్యుడు కాడు. కావున మిత్రుల ప్రశ్నకు మా సమాధానము స్పష్టము: యూపీఐతో దినము గడుపు చిల్లర వర్తకునకు, యాప్‌తో ఉద్యోగము ముడిపడిన అంగన్‌వాడీ ఉపాధ్యాయురాలికి, పత్తి రైతునకు, స్వేచ్ఛా ఫోనును ఏకైక ఫోనుగా వాడుమని నేడు మేము చెప్పజాలము. విద్యార్థికి, ఇంటిలో రెండవ ఫోను గలవానికి, పాత ఫోనును పారవేయదలచినవానికి, నగదుతో జీవించు పెద్దలకు తప్పక చెప్పుదుము. ఒక్క షరతు, ఆ నమూనాలో 4జీ మాటలు పనిచేయునో లేదో ముందుగా విచారింపవలెను. జియోవారికి 2జీ లేదు గనుక అది పనిచేయనిచో వారి సిమ్ము నుండి మామూలు కాలు పోనేపోదు.

కొందరు ఉద్యమ మిత్రులు దీనికి ఖద్దరును ఉదాహరింతురు. తొలినాళ్ల ఖద్దరు ముతకది, ఖరీదైనది, తడిసిన బరువు. అయినను ధరించిరి గదా యందురు. మెటుపల్లి ఖద్దరును ఎరిగినవారము గనుక ఆ మాట మాకు ప్రీతికరమే. అయినను పోలిక పూర్తిగా కుదురదు. ముతక బట్ట కట్టినవానిని మార్కెట్టు యార్డు గేటు వద్ద ఎవరును ఆపలేదు. ముద్రలేని ఫోను గలవానిని ఆపుచున్నారు. కష్టమును ఓర్చుకొమ్మని చెప్పుట వేరు, హక్కును వదలుకొమ్మని చెప్పుట వేరు. స్వచ్ఛందముగా రెండవదానిని చేయగల స్తోమత వకీళ్లకుండవచ్చును, కూలివానికి లేదు.

అట్లయినచో ఈ ఫోనుల గొడవ మనకేల యని కొందరడుగవచ్చును. రెండు సంగతులు చెప్పెదము.

2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ యను ఒక్క అక్షరము సందేశముగా వచ్చిన మాత్రమున ఐఫోనులు కుప్పకూలినవి. లక్ష రూపాయల ఫోను తెలుగు సంయుక్తాక్షరమును మోయలేకపోయెను. ఆ దోషమును దిద్దగల తెలుగు నిపుణులు హైదరాబాదులోనే కావలసినంతమంది కలరు. కాని మూలము వారికి కనబడదు. ఆ కంపెనీవారే ఫిబ్రవరి 19న సవరణ పంపువరకు అందరును చేతులు కట్టుకొని కూర్చుండవలసి వచ్చినది. లోకము దానిని పరిహాసముగా తీసికొన్నది. మన భాష అతిథిగా నున్న ఇంటిలో మన గతి యిట్లే యుండును.

రెండవది ఆదిలాబాదు సంగతి, మా మనస్సునకు మరింత దగ్గరిది. నార్నూరు మండలపు గుంజాల గ్రామమున గోండు పెద్దల ఇండ్లలో తరతరములుగా దాచిన వ్రాతప్రతులు ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి వంటివారి కృషిచే లోకమునకు తెలిసినవి. ఆ గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్ 11వ సంపుటమున చేరినది. నోటో వర్గమున దానికి అక్షరరూపములు కలవు. స్వేచ్ఛా లైసెన్సుతో ఎవరైనను వానిని వాడవచ్చును. లిపి యున్నది, సంకేతమున్నది, అక్షరరూపమున్నది. అయినను ఉట్నూరు ఆశ్రమ పాఠశాల బాలిక తన ఫోను తెరపై మెనూలను గోండిలో చదువుకొనవలెనన్నచో అది కంపెనీవారి దయపై ఆధారపడినది. కొనువారు కొద్దిమందియని లెక్కవేయు వర్తకుడు ఆ దయను ఏల చూపును? స్వేచ్ఛా ఫోనులో ఎవరి దయయు అక్కరలేదు. నలుగురు యువకులు కూర్చుండి ఆ వేసవిలోనే చేయవచ్చును. కోలామీ భాషకును ఇదే వర్తించును. తెలుగునకై ఇట్టి సేవను స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలును, పోతన, వేమన అక్షరరూపములను ఉచితముగ నిచ్చిన తిరుమల కృష్ణదేశికాచార్యులు గారును చేసి చూపిరి. బాసర ట్రిపుల్ ఐటీలోను, జగిత్యాల జేఎన్టీయూ కళాశాలలోను చదువుచున్న మన పిల్లలకు ఇంతకంటె మంచి పని మాకు తోచదు. ఊరూర పాత ఫోనులను బాగుచేసి యిచ్చు శిబిరములను సెలవులలో పెట్టినచో, ఎక్కించుటలో మేము పడిన రెండు రాత్రుల బాధ ఇతరులకు తప్పును.

ఇక కాలము మనకొఱకు ఆగియుండలేదు. ముద్రగల ఆండ్రాయిడు ఫోనులలో, తమ వద్ద గుర్తింపు నమోదు చేసికొనని వారి యాప్‌లను ఇకమీదట ఎక్కించుకొనరాదను పద్ధతిని దేశముల వారీగా ప్రవేశపెట్టుదుమని గూగులువారు 2025 ఆగస్టులో ప్రకటించిరి. ఎఫ్‌-డ్రాయిడ్‌వారు దీనిని తీవ్రముగ నిరసించిరి. నవంబరులో గూగులువారు అనుభవజ్ఞులకు వేరు మార్గ ముంచెదమనిరి. ఆ నవంబరు తుదిలోనే మన కేంద్ర టెలికం శాఖవారు సంచార్ సాథీ యాప్‌ను ప్రతి ఫోనులోను ముందే పెట్టవలెనని తయారీదారులకు ఆజ్ఞాపించి, ప్రజలు గగ్గోలు పెట్టగా డిసెంబరు 3వ తేదీన ఉపసంహరించుకొనిరి. ఒకవైపు కంపెనీ, మరియొకవైపు ప్రభుత్వము. ఫోను ఎవరి జేబులో నున్నదో ఆ మనిషిని అడిగినవారు లేరు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగ గోప్యత ప్రాథమిక హక్కని చెప్పిరి. ఆ హక్కు నివసించు గృహము నేడు ఈ ఫోనే.

కావున మేము ప్రజలను స్వేచ్ఛా ఫోనులు కొనుడని ఒత్తిడి చేయుటకంటె, కచేరీలను అడుగుట ముందు పని యని నమ్ముచున్నాము. పౌరునకు ప్రభుత్వము ఇచ్చు ప్రతి సేవయు, పత్తి స్లాటు మొదలుకొని పోషణ లెక్కల వరకు, ఏ కంపెనీ ముద్రయు అడుగని వెబ్ పేజీ ద్వారాను, ఫోనే లేనివానికి కౌంటరు ద్వారాను లభింపవలెను. ప్రజల సొమ్ముతో చేసిన యాప్‌ల మూలరచనను ప్రకటింపవలెను. ఇది అసాధ్యమను వాదము నిలువదు. సర్కారు పనులలో ఓపెన్ సోర్సును వాడవలెనను విధానమును కేంద్రమువారే 2015లో ప్రకటించిరి. 2020 మే 26న ఆరోగ్య సేతు మూలరచనను బయలుపెట్టిరి. సామాన్య ఫోనులకు సైతము యూపీఐ చెల్లింపు నడచునని జాతీయ చెల్లింపుల సంస్థవారు 2022 మార్చిలో 123పే ద్వారా చూపియే యున్నారు. మీటల ఫోనునుండి డబ్బు పోగలిగినప్పుడు, నెలనెలా సవరణలు పొందు స్వేచ్ఛా ఫోను నుండి ఏల పోరాదో బ్యాంకులు చెప్పవలసియున్నది. స్వేచ్ఛా వ్యవస్థల భద్రతను పరీక్షించి గుర్తించు పనిని రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో దేశీయ సంస్థకే అప్పగింపవచ్చును. పరీక్ష కఠినముగ నుండనిండు. పరీక్షించువాడు పోటీదారుడు కాకుండిన చాలును.

పత్తి స్లాటు విషయమై ఆదిలాబాదు, కుమురంభీము ఆసిఫాబాదు, కరీంనగరు జిల్లాల కలెక్టర్లకును భారత పత్తి సంస్థకును పంపవలసిన విన్నపపు ముసాయిదా మా యొద్ద సిద్ధముగ నున్నది. పహాణీలో పేరులేని కౌలుదారుల కష్టమును అందులో వేరుగా వ్రాసితిమి. వచ్చు పత్తి కాలమునకు పూర్వమే దానిని పంపవలెనని సంకల్పము. సంతకము చేయదలచిన రైతులు కోర్టు వేళలు ముగిసిన పిమ్మట సాయంకాలము 6 గంటలకు మా గదికి రావచ్చును. తమ ఫోనులను వెంట తెచ్చినచో, వానిలో ఏవి స్వేచ్ఛా వ్యవస్థకు తగునో కూడ చూచి చెప్పెదము.